మిస్డ్ కాల్ మీద నలభై మూడు సంతకాలు

చోడవరంలో అర్జీ రాయించుకోవాలంటే చాలామంది ఇమాముద్దీన్ దగ్గరికే వెళతారు. ప్రభుత్వాఫీసుల ప్రహరీ గోడ పక్కన నీలం టార్పాలిన్, దాని కింద ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, లాప్‌టాప్, ప్రింటర్, కరెంటు పోతే అవి రెండూ నడవడానికి ఒక బ్యాటరీ. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన చిరునామా ఇదే. మొదట్లో కార్బన్ కాగితాలు, తర్వాత టైపు మిషను, ఇప్పుడు లాప్‌టాప్. ఆయనకి యాభై ఏడేళ్లు.

గట్టు తగాదా నుంచి ఆగిపోయిన పింఛను దాకా ఏ బాధనైనా ఒక్క పేజీలో ఇమడ్చడం ఆయన పని. వచ్చినవాళ్లు ఏడుస్తూ చెప్పినా, తిడుతూ చెప్పినా కాగితం మీదికి వచ్చేసరికి అది "తమరు దయయుంచి విచారించి" అవుతుంది. చెప్పింది నిజమా కాదా అని ఆయన అడగడు. అది విచారణాధికారి పని.

ఇలాంటి మనిషి, ఇంకా జనంలోకి రాని సాఫ్ట్‌వేర్లను ముందుగా వాడి చూసే పనిలోకి దిగడానికి కారణం కూతురు మదీహా. విశాఖలో ఇంజనీరింగ్ మూడో ఏడాది. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చి కాలేజీ ప్రాజెక్టు కోసం చిన్న యాప్ ఒకటి తయారుచేసింది. రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్ మీద అది పనిచేస్తుందో లేదో చూడాలి. ఆ ట్రయల్ వెర్షన్ ఎక్కించడానికి ఒక ఫోను కావాలి. తన ఫోను పాడైతే కష్టం. అమ్మ కుబ్రా తన ఫోను ఎవరి చేతికీ ఇవ్వదు. మిగిలింది తండ్రి.

"అందరికీ సెప్టెంబర్లో వస్తాది డాడీ. మనకి ఇప్పుడే" అంది మదీహా. సెట్టింగ్స్‌లో ఏదో ఒక వరుస మీద ఏడుసార్లు నొక్కింది. "మీరిప్పుడు డెవలపర్" అని ఫోను తెలుగులోనే చెప్పింది.

"ఏడుసార్లకే? మా దగ్గరికొచ్చేవోళ్లు ఏడుసార్లు తిరిగినా అర్జీదారులుగానే ఉంటారు" అన్నాడు ఇమాముద్దీన్.

ట్రయల్ వెర్షన్ మొదటి వారంలోనే తన గుణం చూపించింది. ఆయన వంగినప్పుడల్లా చొక్కా జేబులోని ఫోను టార్చి వెలిగేది. ఒకరోజు ఒక అధికారి ముందు వినయంగా వంగి కాగితం అందిస్తుంటే గుండెల మీద దీపం వెలిగింది. అధికారి కలం ఆపి, "ఏంటండీ అది, ఆపరేషన్ ఏమైనా అయిందా?" అని అడిగాడు.

ఇంటికొచ్చి ఇమాముద్దీన్ ఫిర్యాదు ఎవరికి చెయ్యాలని అడిగాడు. ఫోనులోనే దానికొక పెట్టె ఉందని మదీహా చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదలెట్టాడు. "మహారాజశ్రీ ఫోను కంపెనీ పెద్దల సముఖమునకు. చోడవరం కాపురస్తుడు, కీర్తిశేషులు షేక్ మొహిద్దీన్ గారి కుమారుడు, షేక్ ఇమాముద్దీన్, వయస్సు 57 సం.లు, సమర్పించుకొను విన్నపము. ఆర్యా, నా చొక్కా జేబునందుంచిన ఫోను, నేను వంగినప్పుడెల్లా..." ఇలా సాగింది. కింద ఇంకో గడి ఉంది. "ఏం జరుగుతుందని మీరు ఆశించారు?" అని. అందులో "న్యాయం" అని రాశాడు.

మదీహా దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపింది. న్యాయాన్ని మాత్రం ఆయన తీసెయ్యనివ్వలేదు.

రెండో రోజు జవాబొచ్చింది. మీరు చెప్పింది నిజమే, కారణం దొరికింది, వచ్చే వెర్షన్లో సరిచేస్తున్నాం, కృతజ్ఞతలు. ఇమాముద్దీన్ దాన్ని మూడుసార్లు చదివి ప్రింటు తీశాడు. తన చేత్తో వేల ఫిర్యాదులు వెళ్లాయి. తప్పు మాదేనని రాతపూర్వకంగా ఒప్పుకున్న మొదటి జవాబు ఇదే.

పక్క బల్ల సత్యారావుది. దస్తావేజులు రాస్తాడు. ఇరవయ్యేళ్ల స్నేహం, రోజూ తగాదా. కాగితాన్ని వెలుగుకి పెట్టి చూశాడు.

"సంతకమేది భాయ్?"

"లేదు."

"ముద్ర?"

"అదీ లేదు."

"అయితే చెల్లదు" అని తిరిగి ఇచ్చేశాడు.

చెల్లినా చెల్లకపోయినా ఇమాముద్దీన్‌కి రుచి తగిలింది. లాప్‌టాప్‌కి కూడా ట్రయల్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నాడు. అది మూడు రోజులపాటు ప్రింటర్‌ని గుర్తుపట్టలేదు. ఆ మూడు రోజులూ చేత్తో రాశాడు. జనం ఇదే బాగుందన్నారు. తర్వాత ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే ఒక టూల్ కూడా ఎక్కించాడు. ఆయనకి ప్రోగ్రాములు రాయడం రాదు. అర్జీ ఒకటి అందులో టైపు చేసి చూశాడు. టూల్ తెరంతా ఎర్రగీతలు గీసి మూడువందల పన్నెండు తప్పులున్నాయని తేల్చింది. ఆయన ఆ కంపెనీకి రాశాడు: "గత ఇరవై తొమ్మిది సంవత్సరములలో ఎవరునూ నా అర్జీనందు ఒక్క తప్పు చూపియుండలేదు. మీరు చూపిన వాటిలో కనీసం పది తప్పులను వివరించ ప్రార్థన." ఇది ప్రోగ్రాముల కోసం చేసిన పనిముట్టని వాళ్లు మర్యాదగా చెప్పారు. మామూలు రాతకి మాత్రం ఎర్రగీతలు గీయకుండా మారుస్తామన్నారు, మార్చారు కూడా. జూన్ నెలాఖరుకి ముప్ఫై నాలుగు ఫిర్యాదులు, అందులో పదిహేను పరిష్కారం. ఈ లెక్క అడగకపోయినా చెప్పేవాడు.

జూలైలో వచ్చిన అప్‌డేట్‌తో సుఖం పోయింది.

కుబ్రా ఫోనులో ఎంతసేపు మాట్లాడినా అదనంగా పైసా ఖర్చుకాదు. అయినా అన్నం అయ్యిందని చెప్పడానికి మాట్లాడటం ఆమెకి దండగ. పెళ్లయిన కొత్తలో కాకపోయినా ఇంట్లో సెల్‌ఫోను వచ్చిన కొత్తలో ఏర్పడిన పద్ధతి అలాగే ఉండిపోయింది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే అన్నం అయ్యింది, రా. రెండిస్తే పెరుగు తీసుకురా. మూడిస్తే చుట్టాలొచ్చారు, బల్ల కట్టేసి వచ్చెయ్.

జూలై పదిహేడు గురువారం, అనకాపల్లి నుంచి ఆమె పెద్దన్న, వదిన వచ్చారు. ఇమాముద్దీన్ రెండు గంటలకి, ఉత్త చేతులతో, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. చుట్టాలు వచ్చి కూర్చుని అప్పటికి మూడు గంటలైంది. ఆ ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలో, తగాదాలు తెలుగులో జరుగుతాయి.

"మూడిచ్చేను" అంది కుబ్రా వంటింట్లో, తెలుగులో.

"ఒక్కటీ రాలేదు."

"అన్న ముందు కూకుని ఇచ్చేను. ఆయన వేళ్లు మడిచి లెక్కెట్టేడు."

ఫోను చూపించాడు. అందులో ఏమీ లేదు. పెద్దబావమరిది ఫోను తిప్పి చూసి, చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపే కుబ్రాకి ఎక్కువైంది.

అదే రోజు చీడికాడ నుంచి పైడితల్లి వచ్చి వెళ్లింది. అరవై దాటిన మనిషి, పాసుపుస్తకంలో పేరు సరిచేయించుకోవడానికి అర్జీ పెట్టుకుంది. ప్రతి గురువారం పొద్దున్నే బటన్ ఫోను నుంచి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ఇమాముద్దీన్ తిరిగి చేసి రమ్మనో వద్దనో చెబుతాడు. ఈసారి ఆయన చెయ్యలేదు.

"పనవ్వలేదమ్మా. ఎందుకొచ్చేవు?" అన్నాడు ఆమెని చూసి.

"మిస్డ్ కాలిచ్చేను. నువ్వు సెయ్యనేదు."

"సెయ్యకపోతే రమ్మన్నట్టా?"

"రావొద్దని అన్నేదు గదా" అంది పైడితల్లి కుర్చీలో కూర్చుని మోకాళ్లు రాసుకుంటూ. రెండు బస్సులు మారి వచ్చింది.

ఇమాముద్దీన్ ఫిర్యాదు పంపాడు. మర్నాడే జవాబు. ఇది లోపం కాదు, కావాలని చేసిన మార్పు. మూడు సెకన్లలోపే ఆగిపోయే కాల్స్ ఎక్కువగా యంత్రాలు చేసేవి. అందుకని మొదటి మూడు సెకన్లు ఫోను మోగదు. ఆలోపు కాల్ ఆగిపోతే దాన్ని కనబడకుండా దాచేస్తాం. వినియోగదారుల ప్రశాంతత కోసమే. ఫిర్యాదు ముగించడమైనది.

ఆ చివరి వాక్యం ఇమాముద్దీన్‌కి పాత పరిచయమే. ఆయన నాలుగు పేజీల అప్పీలు రాశాడు. అది గంటలో తిరిగొచ్చింది. ఇలాంటి ఫిర్యాదే ఇంతకు ముందు ఒకరు చేశారు, కాబట్టి దీన్ని కూడా ముగిస్తున్నాం అని. ఆ ఒకరు ఎవరని చూస్తే ఆయనే.

"నీ కేసులో నీకు నువ్వే వాటాదారుడివై తగిలేవు భాయ్" అన్నాడు సత్యారావు.

ఆదివారం మదీహా హాస్టల్ నుంచి వచ్చేసరికి కుబ్రా తీర్మానం సిద్ధంగా ఉంది. "ఆ ట్రయల్‌ది తీసెయ్. నేదంటే అన్నం ఎప్పుడయ్యిందో మీ నాన్నే బజార్నించి వాసన సూసుకుని రావాల."

"గంట పని. పాత వెర్షన్ ఎక్కించెయ్యనా డాడీ?" అంది మదీహా కేబుల్ తీస్తూ.

ఇమాముద్దీన్ ఫోను ఇవ్వలేదు. "తీసేస్తే మనది బాగుపడద్ది. సెప్టెంబర్లో?"

"అందరికీ ఇదే వస్తాది. అమ్మ ఫోనుక్కూడా."

"పైడితల్లికి?"

"ఆవిడది బటన్ ఫోను, ఆవిడకి ఏమీ రాదు. కానీ ఆవిడ మిస్డ్ కాలిస్తే అవతలోళ్లకి కనపడదు."

"కొత్త ఫోనున్న ఎవరికీ?"

"ఎవరికీ."

ఆయన కేలండర్ చూశాడు. సెప్టెంబరుకి ఆరు వారాలు. "ఇప్పుడు తీసేస్తే అర్జీదారుడు ఫిర్యాదు వాపసు తీసుకున్నాడని రాసేస్తారు. ఉండనీ."

కుబ్రా గరిటె పెట్టిన చప్పుడుకి ఇద్దరూ అటు చూశారు.

"నువ్వు వాళ్లకి కథ చెప్తన్నావు డాడీ" అంది మదీహా గొంతు తగ్గించి. "చుట్టాలొచ్చేరు, బావమరిది వేళ్లు మడిచేడు, ఇవన్నీ వాళ్లకేటి? ఎన్ని ఫోన్ల నుంచి, ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు దాచేసింది, అది కావాల. లాగ్ తీసి పెట్టాల."

"లాగంటే?"

"లోపల ఏం జరిగిందో ఫోను తనకి తనే రాసుకుంటాది. సెకన్లతో సహా."

"పంచనామా" అన్నాడు ఇమాముద్దీన్.

మదీహా తలూపి, "అవును, అదే" అంది.

ఆయన ముఖం విప్పారింది. ఇన్నాళ్లూ తాను అర్జీ పంపాడు, వాళ్లడిగింది పంచనామా. పంచనామాకి సాక్షులు కావాలి. సాక్షులు సోమవారం దొరుకుతారు.

సోమవారం గ్రీవెన్స్ రోజు. అర్జీలు ఇవ్వడానికి చుట్టుపక్కల మండలాల నుంచి కూడా జనం వచ్చి పొద్దున్నుంచే వరుస కడతారు. మదీహా కాలేజీ మానేసి తండ్రి బల్ల దగ్గర కూర్చుంది. ఫోనుకి కేబుల్ తగిలించి లాప్‌టాప్‌కి కలిపింది. తెర మీద అక్షరాలు వానలా జారుతున్నాయి. వరుసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ ఇమాముద్దీన్ నంబరుకి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి, సంతకం పెట్టాలి. అంతే.

పుట్టినప్పటినుంచీ మిస్డ్ కాల్స్ ఇస్తున్న జనం, తీరా ఇమ్మనేసరికి బిగుసుకుపోయారు. ఒకాయన పది సెకన్లు మోగనిచ్చాడు. కట్ చెయ్యమంటే, "మీరెత్తుతారేమోనని సూస్తన్నాను" అన్నాడు. ఆయన చేత మళ్లీ ఇప్పించారు. ఇంకొకాయన మోగకముందే కట్ చేసి, తర్వాతివాడి వెనక నిలబడి మళ్లీ వచ్చాడు. ఆరుగురు అయ్యేసరికి కె.కోటపాడు అచ్చియ్యమ్మ వంతు వచ్చింది. ఆమె ఫోను కొంగులో పెట్టుకుని నిలబడింది.

"ఇయ్యమ్మా" అన్నాడు ఇమాముద్దీన్.

"ఏటని ఇమ్మంటావు బాబూ?"

"ఊరికినే ఇయ్యి."

"ఊరికినే మిస్డ్ కాలేటి? ఏదో కబురుండాల గదా. కబురు నేకుండా ఇస్తే అవతలోళ్లు కంగారడిపోరూ?"

ఇమాముద్దీన్ కలం ఆగింది. "నువ్వు మామూలుగా ఎవరికిస్తావు?"

"మా గుంటకి, మా కూతురికి. బుచ్చయ్యపేటలో ఉంటాది. నాను ఇంటికి సేరేక ఒకటిస్తాను. ఆరు దాటినా రాకపోతే అది బయల్దేరి వచ్చెస్తాది."

ఆయన కాగితం మీద కొత్త గడి గీశాడు. మిస్డ్ కాల్ ఎవరికి, దేనికి. అప్పటిదాకా సంతకం పెట్టి వెళ్లిన ఆరుగురినీ వెనక్కి పిలిచి అడిగాడు. అక్కడినుంచి పని ఊపందుకుంది. బుచ్చయ్యపేట చెరకు రైతు గణపతిరావు చెప్పాడు: లారీ డ్రైవరుకి ఒకటిస్తే నరకడం అయ్యింది, రా. రెండిస్తే వాన పడింది, చక్రం దిగిపోద్ది, రావొద్దు. ఒకావిడ భర్తకి ఇచ్చేది కుళాయి వచ్చినప్పుడు. ఒక ముసలాయన రోజూ పొద్దున్న తమ్ముడికి ఒకటి ఇస్తాడు, తమ్ముడు తిరిగి ఒకటి ఇస్తాడు. దేనికంటే, ఇద్దరికీ మాటల్లేవు, బతికున్నామని తెలియడానికి.

ఎగతాళి చేస్తూ కూర్చున్న సత్యారావు పన్నెండు గంటలకి తనే వచ్చి సంతకం పెట్టాడు. "ఒకటిస్తే ఇయ్యాల బయట తింటాను, వండొద్దని."

"అటునుంచి?" అన్నాడు ఇమాముద్దీన్ రాస్తూ.

"ఒకటొస్తే సరేనని. రెండొస్తే ఎవరితో అని. అది రాయకు."

ఆయన రాశాడు.

ఒంటిగంటకి నలభై మూడు సంతకాలు, అందులో పదకొండు వేలిముద్రలు. మూడు సెకన్లలోపు కాల్స్ నలభై మూడు వచ్చాయి, నలభై మూడూ దాచేశాను అని ఫోను స్వయంగా లాగ్‌లో రాసుకుంది. మదీహా దాన్ని పొట్టిగా, పొడిగా ఇంగ్లీషులో రాసింది. సంతకాల కాగితం స్కాన్ చేసి జోడించింది. తండ్రి పట్టు మీద ఆఖర్న ఒక్క వాక్యం చేర్చింది: "మా ప్రాంతమున మూడు సెకన్లలో ఆగిన కాల్‌తో కబురు పూర్తయినట్లే గనుక, దానిని దాచుట ఉత్తరమును చింపుటతో సమానమని మనవి."

తర్వాత పదకొండు రోజులు ఏ జవాబూ లేదు. ఈలోగా కుబ్రా సత్యారావు ఫోనుకి మిస్డ్ కాల్స్ ఇవ్వడం మొదలెట్టింది. ఆయన దస్తావేజు మీంచి తలెత్తకుండానే, "భాయ్, ఒకటి" అనేవాడు. ఒకరోజు తన భార్య ఇచ్చినదాన్ని కూడా కలిపి "రెండు" అన్నాడు. ఇమాముద్దీన్ పెరుగు పట్టుకెళ్లాడు. ఇంట్లో అప్పటికే పెద్ద గిన్నెడు ఉంది. మర్నాడు సత్యారావు ఇక ఈ ఉద్యోగం చెయ్యనన్నాడు.

పన్నెండో రోజు జవాబొచ్చింది. ఫిర్యాదు మళ్లీ తెరిచాం అని. కింద ఒక ఇంజనీరు ఒక ప్రశ్న అడిగాడు: రెండు మిస్డ్ కాల్స్ మధ్య ఎంత వ్యవధి ఉంటే వాటిని విడివిడిగా కాక, కలిపి "రెండు" అనే ఒకే సంకేతంగా లెక్కించాలి?

ఇమాముద్దీన్ ఇంటికెళ్లి కుబ్రాని అడిగాడు.

"పప్పులో గరిటె ఓసారి తిప్పినంత" అంది.

మదీహా వీడియో కాల్లో చూస్తూ ఉంటే కుబ్రా పప్పు తిప్పింది. మూడుసార్లు కొలిచారు. సగటున తొమ్మిది సెకన్లు. "తొమ్మిది, హెచ్చుతగ్గులు రెండు" అని రాసి పంపారు. ఎలా కొలిచారని ఇంజనీరు అడగలేదు.

ఆగస్టు చివరి వారంలో కొత్త వెర్షన్ వచ్చింది. చిన్న కాల్స్ మామూలుగా మోగుతాయి. వెంటవెంట వచ్చినవాటిని ఎన్నో లెక్కతో పక్కనే చూపిస్తుంది. వద్దనుకున్నవాళ్లు మాత్రం సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాచుకోవచ్చు. సెప్టెంబర్లో అందరికీ వెళ్లేది ఇదేనని కింద రాశారు. ఆరు వారాలుగా దాచిన కాల్స్ అన్నీ కూడా ఒక్కసారిగా జాబితాలోకి వచ్చి పడ్డాయి. నలభై మూడు సాక్ష్యాలు పోను నూట ఎనభై మూడు.

ఇమాముద్దీన్ వాటికి వచ్చిన తేదీల వరసలో జవాబివ్వడం మొదలెట్టాడు. మొదటిది పైడితల్లిది.

"ఏటి సాయిబుగోరూ?"

"జూలై పదిహేడున మిస్డ్ కాలిచ్చేవు."

"ఆఁ. రావాలా వద్దా అని."

"వద్దు."

"సరే అయితే" అని ఆమె పెట్టేసింది.

కుబ్రావి ఆఫీసు బల్ల దగ్గర చూడకుండా ఇంటికి పట్టుకెళ్లాడు. శనివారం కావడంతో మదీహా కూడా ఉంది. ఒకట్లు, రెండ్లు, ఆ రోజు తాలూకు మూడు, అన్నీ అర్థమయ్యాయి. కానీ జాబితాలో చాలాచోట్ల కుబ్రా పేరు పక్కన ఐదు అని ఉంది.

"ఐదంటే ఏటి?" అన్నాడు.

కుబ్రా ఉల్లిపాయలు తరుగుతోంది. "దానికి పేరు నేదు. కోపమొచ్చినప్పుడు ఇచ్చేను."

"రావని తెలుసు గదా?"

"అందుకే ఇచ్చేను." కత్తి ఆపకుండా అడిగింది. "ఎన్నున్నాయి?"

ఆయన వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. "ఐదులు పద్దెనిమిది."

"ఇరవై రెండుండాల. సరిగ్గా సూడు."

మదీహా తన లాప్‌టాప్‌లో లాగ్ తెరిచి చూసింది. "పద్దెనిమిదే మమ్మీ. ఇది సెకన్లతో రాసుకుంటాది."

"అయితే నేను అబద్ధమాడతన్నానా?"

మదీహా తండ్రి వైపు చూసింది. ఇమాముద్దీన్ కళ్లజోడు సర్దుకుని ఫోనులో కొత్త ఫిర్యాదు తెరిచాడు. నాలుగు కాల్స్ గల్లంతు అని రాసి, అర్జీదారు పేరున్న చోట తన పేరు కొట్టేసి కుబ్రా పేరు పెట్టాడు.